తప్పు కట్టేది ఎవరు? – కోర్టు రుసుములు, జుర్మానాలపై ఒక పరిశీలన

కోర్టుకెక్కిన ఇద్దరిలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. ఈ సామెత పుట్టించిన వాళ్ళు న్యాయమూర్తిని నిందించలేదు, తీర్పునూ నిందించలేదు. వాళ్ళ బాధంతా ఖర్చు గురించే. న్యాయం దొరికినా అది మిగలకుండా చేసే ఖర్చు ఎంత పాతదో ఈ ఒక్క సామెత చాలు చెప్పడానికి.

మా మల్యాల వైపు ‘తప్పు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. చేసిన నేరమూ తప్పే, దానికి పెద్దమనుషులు వేసే దండమూ తప్పే. “వాడు తప్పు చేసిండు” అంటాం. “వానికి వెయ్యి రూపాలు తప్పు వేసిండ్రు, కట్టిండు” అని కూడా అంటాం. తప్పు చేసినవాడే తప్పు కట్టాలన్నది ఆ మాటలోని ధర్మం. కాని మన న్యాయస్థానాల్లో డబ్బు రెండు చోట్ల కట్టవలసి ఉంటుంది. తప్పు చేసినవాడు జుర్మానా కడతాడు. ఏ తప్పూ చేయకుండా, నాకు అన్యాయం జరిగిందని మొరపెట్టుకోవడానికి వచ్చినవాడు కూడా కోర్టు రుసుము కడతాడు. ఈ రెండూ మా ఇంటికే వచ్చినందున నేను ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నాను. నేను న్యాయశాస్త్రం చదువుకున్న పండితుణ్ణి కాను, బి.ఏ. మూడో సంవత్సరం చదువుతున్నాను. పొరపాట్లుంటే అధ్యాపకులు సరిదిద్దగలరని నా నమ్మకం.

ఒకే జుర్మానా – రెండు శిక్షలు

2016లో నేను ఆరో తరగతిలో ఉన్నాను. మా చిన్నాయిన హమాలీ పని చేసేవాడు. ఒక పెళ్ళికి పోయి, తాగి, మోపెడ్ మీద ఇంటికి వస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. చిన్నాయిన చేసింది తప్పే. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. కోర్టులో రెండు వేల రూపాయల జుర్మానా, కట్టకపోతే పది రోజుల జైలు అన్నారు. జేబులో మూడు వందలున్నాయి. బాపు తిరగని చోటు లేదు. చివరికి నూటికి ఐదు రూపాయల మిత్తికి రెండు వేలు తెచ్చి సాయంత్రానికి కట్టినాడు. అదే రోజు, అదే నేరానికి, అదే రెండు వేలు పడిన ఒక కారు ఆయన మాత్రం నిలబడ్డ చోటనే జేబులోంచి నోట్లు తీసి కట్టి, పొద్దటి పూటే వెళ్ళిపోయాడు.

ఆ అప్పు తీరడానికి ఎనిమిది నెలలు పట్టింది. నెలకు వంద చొప్పున మిత్తి ఎనిమిది వందలు. అంటే కారు ఆయన తన తప్పుకు 2,000 కట్టాడు. చిన్నాయిన 2,800 కట్టాడు. పోయిన కూలి వేరే. “వానికి అది చీటీ, నాకు శిక్ష” అని చిన్నాయిన ఇప్పటికీ అంటుంటాడు.

మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. తాగి బండి నడిపితే మొదటిసారి జుర్మానా పది వేలయింది. తాగి నడిపేవాడి వల్ల ఎన్ని ఇళ్ళు కూలుతున్నాయో చూస్తున్న మనం కఠినత్వాన్ని కాదనలేం. అయితే లెక్క వేసి చూద్దాం. రోజుకు 500 కూలి దొరికేవాడికి పది వేలంటే ఇరవై రోజుల కష్టం. నెలకు లక్ష రూపాయల జీతగాడికి అది మూడు రోజుల జీతం. నేరం ఒకటే, అంకె ఒకటే. శిక్ష మాత్రం ఒకటి కాదు. పైగా ఎవరిని భయపెట్టాలని అంకె పెంచారో, ఆ కారు ఆయనను అది ఇప్పటికీ భయపెట్టడం లేదు.

చట్టంలో ఏమున్నది?

1860 నాటి భారత శిక్షాస్మృతి జుర్మానాకు గరిష్ఠ పరిమితి చెప్పని చోట, అది ఎంతైనా కావచ్చు గాని మితిమీరి ఉండరాదన్నది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మాట అలాగే ఉంది. ఎవరికి మితిమీరి? ఆ సంగతి పాత చట్టమూ చెప్పలేదు, కొత్త చట్టమూ చెప్పలేదు.

జుర్మానా మాత్రమే శిక్షగా గల నేరాల్లో అది కట్టలేని వాడిని ఎంతకాలం జైల్లో పెట్టవచ్చో పాత స్మృతి నిర్ణయించింది. యాభై రూపాయల లోపైతే రెండు నెలలు, వంద లోపైతే నాలుగు నెలలు, ఆపైన ఎంతైనా ఆరు నెలల దాకా. ఈ యాభై, వంద అంకెలు 1860 నుంచి 2024 దాకా మారలేదంటే ఆశ్చర్యం కలుగుతుంది. రూపాయి విలువ ఎక్కడి నుంచి ఎక్కడికి పడిపోయినా పేదవాడి జైలు లెక్క మాత్రం విక్టోరియా రాణి కాలంలోనే ఆగిపోయింది. కొత్త సంహిత ఆ అంకెలను ఐదు వేలు, పది వేలు చేసింది. ఇది మేలే. కాని పది వేలు దాటిన జుర్మానా విషయంలో ఆరు నెలలను ఏడాదికి పెంచింది.

చట్టంలో కనికరం లేదనడం కూడా న్యాయం కాదు. జుర్మానా మాత్రమే విధించి, కట్టకపోతే జైలు అన్నప్పుడు, ముప్పై రోజుల్లోగా కట్టమనో, రెండు మూడు వాయిదాల్లో కట్టమనో చెప్పి మనిషిని పూచీ మీద ఇంటికి పంపే అధికారం న్యాయస్థానానికి ఉంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 424వ సెక్షన్ ఇదే. కొత్త నాగరిక సురక్షా సంహితలోనూ అది కొనసాగింది. చిన్నాయినకు సరిగ్గా సరిపోయే సెక్షన్ అది. కాని ఆయన అడగలేదు. అడగవచ్చని ఆయనకు తెలియదు. చెప్పేవాళ్ళూ లేరు. ‘ఇవ్వవచ్చు’ అని చట్టం అన్నది గాని, ‘కట్టగలవా అని ముందు అడగవలెను’ అని అనలేదు. ఈ చిన్న తేడాలోనే పేదవాడి పది రోజులు ఇరుక్కుని ఉన్నాయి.

ఇతర దేశాలలో

జుర్మానాను రోజుల లెక్కన వేసే పద్ధతిని ఫిన్లాండ్ 1921లో, స్వీడన్ 1931లో, జర్మనీ 1975లో అమలులోకి తెచ్చాయి. నేరం ఎంత పెద్దదో దాన్ని బట్టి ఎన్ని రోజులో నిర్ణయిస్తారు. ఆ మనిషి రోజు ఆదాయం ఎంతో దాన్ని బట్టి ఒక్కో రోజుకు ఎంతో నిర్ణయిస్తారు. రెండింటినీ హెచ్చవేస్తే జుర్మానా వస్తుంది. ఇరవై రోజుల జుర్మానా అంటే హమాలీకీ ఇరవై రోజులే, మిల్లు యజమానికీ ఇరవై రోజులే. ఇంతకంటే సమానత్వం ఏముంటుంది?

అమెరికాలో సుప్రీంకోర్టు 1983లో బేర్డెన్ కేసులో ఒక తీర్పు చెప్పింది. కావాలని కట్టనివాడెవడో, శక్తి లేక కట్టనివాడెవడో విచారించకుండా, జుర్మానా కట్టలేదన్న ఒక్క కారణంతో ప్రొబేషన్ రద్దుచేసి జైలుకు పంపరాదన్నది దాని సారాంశం. అయినా అదే దేశంలో ఫెర్గూసన్ అనే పట్టణంలో పోలీసులూ, పురపాలక న్యాయస్థానమూ జుర్మానాలను ఖజానా నింపుకొనే ఆదాయంగా చూశారని 2015లో అక్కడి న్యాయశాఖ నివేదికే తేల్చింది. శిక్ష ఆదాయమార్గమైతే న్యాయం వ్యాపారమవుతుందనడానికి ఇంతకు మించిన పాఠం అక్కర్లేదు.

అంత దూరం పోనక్కర లేదు. దొరల గడీల్లో జరిగిన పంచాయితీలను మా జగిత్యాల ప్రాంతం మరచిపోలేదు. తగాదా ఎవరిదైనా ఇరుపక్షాల నుంచీ దండుగలు వసూలయ్యేవని మా ముసలివాళ్ళు చెబుతారు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర కాలంలో వెట్టి రద్దు, కూలి పెంపుతో పాటు, అట్లా గుంజిన దండుగలు తిరిగి ఇయ్యాలన్నది కూడా ఊరూరా వినిపించిన డిమాండు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఉద్యమం మీద ఎవరి అభిప్రాయం వారికుండవచ్చు. తీర్పు చెప్పేవాడే ఆ తీర్పు మీద బతికితే జనం ఆ తీర్పును నమ్మరన్నది మాత్రం నిర్వివాదాంశం. దొర పంచాయితీకీ రాజ్యాంగబద్ధమైన న్యాయస్థానానికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఆ తేడా గడప దగ్గరే పేదవాడికి కనిపించాలన్నదే నా మనవి.

అత్తమ్మ ఇరవై గుంటలు

ఇక రుసుముల సంగతి. ఇది రాయడానికి నాకు కొంత సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఇక్కడ అన్యాయం చేసినవాళ్ళు మా ఇంటివాళ్ళే.

మా తాతకు ఎకరం ఇరవై గుంటల భూమి ఉండేది. తాత పోయినంక అది బాపు, చిన్నాయిన, మా మేనత్త ముగ్గురిదీ. తలా ఇరవై గుంటలు. అత్తమ్మ బీడీలు చేసి బతుకుతుంది. మామ దుబాయి పోయి వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. భూమి రోడ్డు పక్కకు వచ్చి ధర పెరిగినంక అత్తమ్మ తన వాటా అడిగింది. “ఆడిబిడ్డకు పెండ్లి చేసినం, ఇంకేం వాటా?” అన్నారు మావాళ్ళు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. అది చట్టం పుస్తకంలో ఉన్న మాట.

అత్తమ్మ ఒక వకీలు గుమస్తాను అడిగిందట. “భూమి నీ కబ్జాల లేదు గద. నీ వాటా మార్కెట్ ధర మీద స్టాంపు కట్టాలె” అన్నాడట ఆయన. ఎన్ని వేల బీడీలు చుడితే ఆ డబ్బు వస్తుందో అత్తమ్మ లెక్క చూసుకున్నది. ఇంటికి వచ్చేసింది. పెద్దమనుషుల ముందట నలభై వేలకు ఒప్పుకొని వేలిముద్ర వేసింది.

ఆ గుమస్తా అబద్ధం చెప్పలేదు. 1956 నాటి ఆంధ్రప్రదేశ్ కోర్టు రుసుములు, దావాల విలువ నిర్ధారణ చట్టమే తెలంగాణకూ సంక్రమించింది. దాని 34వ సెక్షన్ పంపకం దావాల గురించి చెబుతుంది. ఉమ్మడి ఆస్తి మీద తానూ కబ్జాలో ఉన్నవాడు వాటా కోసం దావా వేస్తే చిన్న స్థిరమైన రుసుము చాలు. ఆస్తి నుంచి బయటికి నెట్టబడినవాడు మాత్రం తన వాటా మార్కెట్ విలువను బట్టి రుసుము కట్టాలి. పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇంట్లో కూర్చున్నవాడికి తక్కువ, గెంటేసిన దానికి ఎక్కువ! ఎంత ఎక్కువ అన్యాయం జరిగితే అంత ఎక్కువ రుసుము. పెండ్లయి అత్తవారింటికి పోయిన ఆడబిడ్డలే ఈ రెండో రకంలోకి ఎక్కువగా వస్తారని వేరే చెప్పాలా? అంతే కాదు, రుసుము శాతం దావా విలువ పెరిగే కొద్దీ తగ్గుతూ పోతుంది. అంటే చిన్న దావావాడి మీద భారం శాతం లెక్కన పెద్దది.

2022 జూన్ 2న జగిత్యాలకు జిల్లా న్యాయస్థానం వచ్చింది. అంతకు ముందు కరీంనగర్ పోవలసిన పనులు ఇప్పుడు దగ్గరలోనే అవుతున్నాయి. దూరం తగ్గింది. గడప ధర తగ్గవలసి ఉంది.

తెలియని హక్కు

డిగ్రీలో చేరినంక గ్రంథాలయంలో 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం చదివాను. 12వ సెక్షన్ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆదాయంతో పని లేకుండా స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఆ సహాయంలో వకీలే కాదు, కోర్టు రుసుము కూడా వస్తుంది. అత్తమ్మ స్త్రీ కావడం ఒక్కటే చాలు. రూపాయి కట్టకుండా దావా వేయగలిగేది.

సెలవులకు పోయినప్పుడు అత్తమ్మకు చెప్పాను. చాటలో ఆకు కత్తిరిస్తున్న చెయ్యి ఆపలేదు. “గీ ముచ్చట గప్పుడు చెప్పేటోడు లేకపాయె బిడ్డా” అన్నది. పక్క అర్రలో ఉన్న బాపు ఆ మాట విన్నాడు. ఏమీ అనలేదు. జుర్మానా కోసం ఊరంతా తిరిగిన మనిషే, తన చెల్లెకు గడప ధర అడ్డం రావడం వల్ల లాభపడ్డ మనిషి కూడా. ఎవరు మంచి, ఎవరు చెడు అన్నది కాదు ఇక్కడ ప్రశ్న. డబ్బు అడ్డం పెట్టిన చోట బలహీనుడి మీద బలహీనుడే గెలుస్తాడు.

ఇవిగాక సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డరు ప్రకారం శక్తి లేనివాడు రుసుము లేకుండా దావా వేయడానికి అనుమతి అడగవచ్చు. అతన్ని మొదట ‘పాపర్’ అనేవారు, 1976 సవరణతో ఆ పేరు మార్చారు. కాని ముందుగా అతని పేదరికం మీదనే విచారణ జరుగుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన రుసుము వాపసు వస్తుంది. గ్రామ న్యాయాలయాల చట్టం 2008లో వచ్చింది. దాని ప్రకారం సివిల్ తగాదా విలువ ఎంతైనా రుసుము వంద రూపాయలు మించరాదు. అయితే ఆ న్యాయాలయాలు పెట్టడం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. తలుపులు లేకపోలేదు. వాటి మీద పేర్లు రాసి లేవు.

ఒక అభ్యంతరం – సమాధానం

రుసుము తీసేస్తే ప్రతివాడూ తప్పుడు దావాలు వేస్తాడని కొందరు పెద్దలంటారు. ఈ వాదం కొత్తది కాదు. 1795 నాటి బెంగాల్ రెగ్యులేషన్ పీఠికలోనే ఉంది. దాన్ని మెకాలే ఆనాడే ఎత్తిపొడిచాడు. రుసుము దొంగ దావాదారుని ఒక్కణ్ణే ఆపదు, డబ్బులేని నిజమైన దావాదారుని కూడా ఆపుతుందన్నది ఆయన తర్కం. డబ్బున్న అబద్ధాలకోరుకు రుసుము అడ్డమే కాదు. తప్పుడు దావా అని తేలినంక వేయదగిన పరిహార ఖర్చులు 35-ఎ సెక్షన్ ప్రకారం మూడు వేల రూపాయలు దాటరాదు. గడప దగ్గర అందరికీ గట్టి వల, అబద్ధం రుజువైన చోట చిల్లుల వల! ఇది తలకిందులు చేయాలి.

రుసుములు లేకపోతే కోర్టులు ఎట్లా నడుస్తాయని రెండో ప్రశ్న. న్యాయం చెప్పడం సంక్షేమ రాజ్యం మొదటి బాధ్యతల్లో ఒకటనీ, దాని మీద రాజ్యం లాభం తీయరాదనీ లా కమిషన్ 1958లోనే తన 14వ నివేదికలో చెప్పింది. 1988లో అశ్వత్థనారాయణ శెట్టి కేసులో సుప్రీంకోర్టు రుసుములు రాజ్యాంగ విరుద్ధం కావన్నది, కాని వాటిని హేతుబద్ధం చేయవలసిందిగా రాష్ట్రాలకు సూచించింది. రాజ్యాంగానికి 1976లో చేర్చిన 39-ఎ అధికరణం, ఆర్థిక కారణాల వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోరాదంటున్నది. ఇంతమంది ఇన్నిసార్లు చెప్పినదాన్ని నేను కొత్తగా చెప్పడం లేదు.

ఏం చేయాలి?

నా దృష్టిలో ఐదు పనులు జరగాలి.

ఒకటి, జుర్మానా వేసే ముందు ఆదాయం అడగాలి. రోజుల లెక్కన జుర్మానా మన దేశంలోనూ ప్రయత్నించి చూడాలి.

రెండు, కట్టగలిగీ కట్టనివాడెవడో, కట్టలేనివాడెవడో తేల్చకుండా జైలుకు పంపరాదు. వాయిదాల సంగతి న్యాయస్థానమే చెప్పాలి. న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా చేర్చింది. దాన్ని మరిన్ని నేరాలకు విస్తరించాలి. పేద ఖైదీల జుర్మానా 25,000 దాకా, విచారణ ఖైదీల జామీను 40,000 దాకా చెల్లించే పథకాన్ని కేంద్రం 2023లో తెచ్చింది. అది జైలుకు పోయినంక అందే సాయం. పోకముందే అందేది కావాలి.

మూడు, 34వ సెక్షన్‌లో నెట్టబడినవారికీ కబ్జాలో ఉన్నవారికీ ఒకే స్థిర రుసుము ఉండాలి. మహారాష్ట్ర 1994లోనే కొన్ని రకాల కేసుల్లో స్త్రీలకు కోర్టు రుసుము మినహాయించింది. మనం ఆ మాత్రం చేయలేమా?

నాలుగు, చిన్న దావాలకు రుసుము ఉండరాదు. సమాచార హక్కు దరఖాస్తుకు మన దగ్గర గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. మెట్లు కట్టడం ప్రభుత్వానికి తెలియని విద్య కాదు.

ఐదు, ప్రతి న్యాయస్థానం ముందర, ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద, ఉచిత సహాయానికి ఎవరు అర్హులో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. 15100 నంబరుకు ఫోను చేయవచ్చని రాయాలి.

మొదటి నాలుగూ శాసనసభలు, పార్లమెంటు చేయవలసినవి. ఐదోదానికి ఎవరి అనుమతీ అక్కర లేదు, అది మన చేతిలో ఉంది. విశ్వవిద్యాలయాల్లో, న్యాయ కళాశాలల్లో న్యాయసేవా కేంద్రాలు నెలకొల్పడాన్ని 1987 చట్టమే ప్రోత్సహిస్తున్నది. మన విద్యార్థి సంఘం ఏటా ఆటలపోటీలు, సాంస్కృతికోత్సవాలు జరుపుతున్నది. సంతోషమే. దానితో పాటు సెలవులకు ఊరికి పోయే ప్రతి విద్యార్థి చేతికి ఒక్క కాగితం ఇవ్వగలమా? అందులో 12వ సెక్షన్, వాయిదాల సెక్షన్, ఆ ఫోను నంబరు ఉంటే చాలు. వాళ్ళు దాన్ని ఊళ్ళో బీడీ కార్ఖానా దగ్గర, హమాలీ అడ్డా దగ్గర చదివి వినిపిస్తే చాలు.

మా అత్తమ్మకు ఆలస్యమయింది. ఆమె వేలిముద్ర పడ్డ కాగితం మా ఇంటి పెట్టెలో ఉంది. దాన్ని నేను చించివేయలేను, కాని బాపును ఒప్పించి ఆ ఇరవై గుంటల మాట మళ్ళీ ఎత్తే ప్రయత్నంలో ఉన్నాను. మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఒక అత్తమ్మ ఉంటుంది. ఆమెకు గడువు దాటకముందే చెప్పండి.